51లో ఆగిన ఐడాక్‌ను మళ్ళీ నడిపే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎస్‌ఏపీ (కంపెనీల అమ్మకాలు, కొనుగోళ్ళు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) సపోర్ట్‌లో చేరి ఆరు నెలలైంది. కస్టమర్లు పంపే కొనుగోలు ఆర్డర్లు (పీఓలు) ఐడాక్‌లుగా, అంటే సిస్టమ్‌ల మధ్య నడిచే ఎలక్ట్రానిక్ పత్రాలుగా వచ్చి మీ సిస్టమ్‌లో సేల్స్ ఆర్డర్లుగా మారాలి. రోజూ పొద్దున్నే చూస్తే 40, 50 ఐడాక్‌లు 51 స్టేటస్‌లో ఎర్రగా ఆగి ఉంటున్నాయి. మీ లీడ్ "బీడీ87లోకి వెళ్ళి రీప్రాసెస్ కొట్టెయ్" అన్నారు (బీడీ87, డబ్ల్యూఈ02 లాంటివి ఎస్‌ఏపీలో ఒక్కో తెరకు ఉన్న కోడ్‌లు; రీప్రాసెస్ అంటే మళ్ళీ నడపడం). కొడితే సగం పచ్చబడుతున్నాయి, మిగతా సగం కదలడం లేదు. పైగా ఒకసారి ఒకే ఆర్డరు రెండుసార్లు పడింది. అప్పట్నుంచి చెయ్యి వేయాలంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముందు రీప్రాసెస్ మానేయండి. ఐడాక్‌లు ఎన్ని ఉన్నాయో కాదు, ఎర్రర్ మెసేజ్‌లు ఎన్ని రకాలు ఉన్నాయో లెక్కపెట్టండి. 50 ఐడాక్‌లు ఆగాయంటే 50 సమస్యలని కాదు. మూడో నాలుగో ఉంటాయి, అంతే. వాటిలో మళ్ళీ నడిపితే పోయేది సాధారణంగా ఒకే రకం. మిగతావి డేటా సరిచేసేదాకా వందసార్లు నడిపినా అక్కడే ఆగుతాయి. రెండో మాట: ఏ ఐడాక్ మీద చెయ్యి వేసే ముందయినా, ఆ కస్టమర్ పీఓ నంబరుతో సేల్స్ ఆర్డరు ఇప్పటికే ఉందేమో చూడండి. ఈ రెండు అలవాట్లు వస్తే మీ టెన్షన్ ముప్పాతిక తగ్గుతుంది. ఇక వివరాలు.

51 అంటే ఏమిటి, ఏమి కాదు

ఐడాక్ స్టేటస్‌లు రెండంకెల నంబర్లు. 50కి లోపువి మనం పంపేవాటికి, 50 నుంచి పైవి మనకు వచ్చేవాటికి. ఉత్తరంతో పోల్చి చూడండి. 56 అంటే ఉత్తరం గుమ్మం దాకా వచ్చింది కానీ పంపినవారు ఎవరో ఇంట్లోవాళ్ళకి తెలియదు. అంటే డబ్ల్యూఈ20లో ఆ కంపెనీ పేరు మీద సెట్టింగ్ (పార్ట్‌నర్ ప్రొఫైల్) లేదు, లేదా మెసేజ్ టైప్ నమోదు కాలేదు. 60 అంటే ఉత్తరం రాసిన పద్ధతే తప్పు: ఉండాల్సిన సెగ్మెంట్ (ఐడాక్‌లో ఒక వరుస డేటా) లేదు, లేదా ఒక్కసారే రావాల్సింది రెండుసార్లు వచ్చింది. 64 అంటే ఉత్తరం బల్ల మీద ఉంది, ఇంకా ఎవరూ విప్పలేదు. 53 అంటే చదివి పని పూర్తిచేశారు. మీ 51 మాత్రం విప్పి, చదివి, "ఈ పని నావల్ల కాదు" అని వెనక్కి పెట్టిన ఉత్తరం.

అంటే దారి బాగానే ఉంది. నెట్‌వర్క్ బాగుంది, మిడిల్‌వేర్ (రెండు సిస్టమ్‌ల మధ్య ఐడాక్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) బాగుంది, పార్ట్‌నర్ ప్రొఫైల్ బాగుంది. సేల్స్ ఆర్డరు కట్టే ప్రోగ్రామే నిరాకరించింది. కాబట్టి 51కి బేసిస్ టీమ్‌కి (సర్వర్లు, కనెక్షన్లు చూసేవాళ్ళకి) మెయిల్ పెట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. కొత్తలో నేనూ పెట్టాను. వాళ్ళు మర్యాదగా "కనెక్షన్ టెస్ట్ ఓకే" అని స్క్రీన్‌షాట్ పంపి టికెట్ మూసేశారు.

64 గురించి ఒక్క మాట. పార్ట్‌నర్ ప్రొఫైల్‌లో "బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్ ద్వారా" అని పెట్టి ఉంటే ఐడాక్‌లు 64లో కాసేపు ఉండటం మామూలే. వాటిని తీసుకెళ్ళే జాబ్ (టైమ్ ప్రకారం తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) ఆర్‌బీడీఏపీపీ01. 64లు పెరుగుతూనే ఉన్నాయంటే ఆ జాబ్ ఆగిపోయిందని అనుమానించండి. దానికి ఐడాక్ లోపల వెతికితే ఏమీ దొరకదు.

మెసేజ్‌ల లెక్క ఎలా తీయాలి

దీనికి బీడీ87 చాలు. అది ఒక చెట్టులా తెరుచుకుంటుంది: స్టేటస్ కింద మెసేజ్ టైప్, దాని కింద ఎర్రర్ మెసేజ్‌లు, ఒక్కో దానికి ఎన్ని ఐడాక్‌లు అన్నది పక్కనే. చాలామంది 51 దగ్గరే ఆగి, ఆ మొత్తం కొమ్మను సెలెక్ట్ చేసి ప్రాసెస్ నొక్కుతారు. మీరు ఇంకా కిందికి దిగండి. ఆఖరి కొమ్మను సెలెక్ట్ చేస్తే ఆ ఒక్క మెసేజ్ ఉన్న ఐడాక్‌లే నడుస్తాయి.

వారం రోజులది కలిపి చూడాలంటే ఈడీఐడీఎస్ టేబుల్ నుంచి స్టేటస్ రికార్డులు దింపుకుని ఎక్సెల్‌లో పివోట్ వేయండి. మెసేజ్ క్లాస్, మెసేజ్ నంబరు, తేదీ, గంట. గంట ఎందుకంటే అందులోనే సగం జవాబు ఉంటుంది. ఒక మెసేజ్ రోజంతా చెదురుమదురుగా పడుతుంటే డేటా సమస్య. తెల్లవారుజామున ఒకే అరగంటలో గుంపుగా పడి తర్వాత లేదంటే, ఆ టైమ్‌లో ఇంకేదో జాబ్ అవే రికార్డులను లాక్ చేసి పెట్టుకుంటోందని అర్థం. మీకు రీప్రాసెస్ కొడితే పచ్చబడుతున్న సగం ఇవే అయ్యుంటాయని నా అంచనా. లాక్ వదిలాక నడిపితే పోతాయి. రోజూ చేత్తో నడిపే బదులు ఆ రెండు జాబ్‌ల టైమ్‌లు వేరు చేయమని అడగండి. నేను పనిచేసిన ఒకచోట ధరల అప్‌డేట్ జాబ్‌ను గంట ముందుకు జరిపితే, రెండేళ్ళుగా ఒక మనిషి రోజూ పొద్దున్నే చేస్తున్న పని పూర్తిగా పోయింది.

ఇంకో జాగ్రత్త. ఒక ఐడాక్‌కి స్టేటస్ రికార్డులు అనేకం ఉంటాయి. వాటిలో "ఆర్డరు తయారుకాలేదు" అనే మాట ఒట్టి సారాంశం. అసలు కారణం ఎక్కువగా దాని పక్కన ఉన్న ఇంకో మెసేజ్‌లో ఉంటుంది. డబ్ల్యూఈ02లో ఐడాక్ తెరిచి 51 కింద ఉన్న అన్ని వరుసలూ చదవండి.

మళ్ళీ నడిపినా పోని సగం

ఇవి దాదాపు ఎప్పుడూ మాస్టర్ డేటావే, అంటే కస్టమర్, సరుకు లాంటి స్థిర వివరాలవే. నాకు ఎక్కువగా ఎదురైనవి చెప్తాను.

*పార్ట్‌నర్ నంబరు.* కస్టమర్ తన గోడౌన్‌ని తన నంబరుతో పిలుస్తాడు, మీ సిస్టమ్‌కి మీ నంబరు కావాలి. ఈ మార్పిడి ఈడీపీఏఆర్ టేబుల్‌లో ఉంటుంది, నిర్వహించేది వీఓఈ4లో. కస్టమర్ కొత్త గోడౌన్ తెరిచి మనకు చెప్పకపోతే మొదటి ఆర్డరే 51. ఇక్కడ కొత్తవాళ్ళు బోల్తా పడే చోటు ఒకటుంది. ఎస్‌ఏపీ 1972లో జర్మనీలో పుట్టింది, ఆ వాసన లోపల ఇంకా పోలేదు. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఎస్‌పీ అని కనిపించే సోల్డ్-టు పార్టీ ఐడాక్‌లో ఏజీ. అది ఆఫ్ట్రాగ్‌గేబర్ అనే జర్మన్ మాటకు పొట్టి, ఆర్డరిచ్చినవాడని అర్థం. సరుకు అందుకునేవాడు (షిప్-టు పార్టీ) స్క్రీన్ మీద ఎస్‌హెచ్, ఐడాక్‌లో డబ్ల్యూఈ. బిల్లు అందుకునేవాడు ఆర్‌ఈ, డబ్బు కట్టేవాడు ఆర్‌జీ. మ్యాపింగ్ షీట్‌లో ఎస్‌పీ, ఎస్‌హెచ్ అని రాసిచ్చేసి, పార్ట్‌నర్ దొరకడం లేదని రెండు రోజులు తల పట్టుకున్నవాళ్ళను చూశాను. వాళ్ళలో నేనొకణ్ణి.

*సేల్స్ ఏరియా.* ఆ కస్టమర్, ఆ వెండార్ నంబరు (కస్టమర్ మనకిచ్చిన నంబరు) జంటకు ఏ సేల్స్ ఆర్గనైజేషన్, ఏ ఛానెల్, ఏ డివిజన్ అన్నది ఈడీఎస్‌డీసీలో చెప్పాలి, వీఓఈ2 ద్వారా. ఒక్క వరుస లేకపోయినా ఆ కస్టమర్ ఆర్డర్లన్నీ ఆగుతాయి. ఒకే కస్టమర్‌వి అన్నీ పడుతుంటే ముందు ఇక్కడ చూడండి.

*మెటీరియల్ నంబరు.* ఐడాక్ ఐటమ్‌లో మెటీరియల్ గుర్తింపు సెగ్మెంట్‌కి క్వాలిఫయర్ ఉంటుంది: 001 అంటే కస్టమర్ వాడే నంబరు, 002 అంటే వెండార్‌ది అంటే మనది, 003 అంటే బార్‌కోడ్ నంబరు. కస్టమర్ తన నంబరు పంపితే వీడీ51లో కస్టమర్-మెటీరియల్ సమాచారం ఉండాలి. కొత్త సరుకు మొదలైన వారంలో 51లు పెరగడానికి మొదటి అనుమానితుడు ఇదే.

*ముందున్న సున్నాలు.* ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీని మీద నేను పోగొట్టుకున్న ఆదివారాలకు లెక్కలేదు. ఎస్‌ఏపీ లోపల కస్టమర్ నంబరు పది అక్షరాలు, అంకెలే అయితే ముందు సున్నాలు నింపుకుంటుంది. స్క్రీన్ మీద ఆ సున్నాలు కనిపించవు. ఎవరో మార్పిడి టేబుల్‌ని ఎక్సెల్‌లో తయారుచేస్తారు, ఎక్సెల్ సున్నాలు మింగేస్తుంది, ఆ షీట్‌ని అలాగే లోడ్ చేస్తారు. అంతా సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది, వెతికితే మాత్రం దొరకదు. టేబుల్‌లో విలువను చూసేటప్పుడు మార్పిడి లేకుండా, ఉన్నది ఉన్నట్టు చూడండి. ఎస్‌ఈ16ఎన్‌లో ఆ అవకాశం ఉంది.

మీరు ఎస్‌/4హానాకు మారే పనిలో ఉంటే ఇంకోటి తోడవుతుంది. అక్కడ మెటీరియల్ నంబరు 18 అక్షరాల నుంచి 40కి పెరిగింది. ఐడాక్‌లో పాత ఫీల్డ్‌ని కదపకుండా పొడవాటి ఫీల్డ్‌ను సెగ్మెంట్ చివర చేర్చారు. మిడిల్‌వేర్ ఏ ఫీల్డ్ నింపుతోంది, మన ప్రోగ్రామ్ ఏ ఫీల్డ్ చదువుతోంది అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

*కొలమానం.* బయట నుంచి "పీసీఈ" అని ఐఎస్‌ఓ కోడ్ వస్తుంది, లోపల మీది "పీసీ" కావచ్చు, "ఈఏ" కావచ్చు. ఆ ముడి సీయూఎన్‌ఐలో ఉంటుంది. ఒకే ఐఎస్‌ఓ కోడ్‌కి రెండు లోపలి యూనిట్‌లు ఉంటే ఏది ప్రధానమో టిక్ పెట్టాలి. దీన్ని చేసేది కన్ఫిగరేషన్ టీమ్, మీరు కాదు. తెలుసుకుని సరైన తలుపు తడితే చాలు.

53 పచ్చగా ఉందని నమ్మకండి

ఇది మీరు అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేను. ఎర్ర ఐడాక్ కనీసం అరుస్తుంది, తప్పు డేటాతో పచ్చబడినది నోరు మెదపదు.

చాలా ఏళ్ళ కిందట ఒక తయారీ కంపెనీ సపోర్ట్‌లో ఉన్నాను. మే 13న డెలివరీ కావాలన్న ఆర్డర్ల ఐడాక్‌లు వరుసగా 51లో పడ్డాయి: తేదీ చెల్లదు. 14వి పడ్డాయి, 15వి పడ్డాయి. 12 దాకా కావాలన్నవి మాత్రం అన్నీ శుభ్రంగా 53. అందరం 13 నుంచి ఏం మారిందని వెతికాం. ఏమీ మారలేదు.

మారింది అంతకు కొన్ని రోజుల ముందే. ఐడాక్‌లు నడిపే బ్యాక్‌గ్రౌండ్ యూజర్ సెట్టింగ్‌లో తేదీ పద్ధతిని ఎవరో రోజు-నెల-సంవత్సరం నుంచి నెల-రోజు-సంవత్సరానికి మార్చారు, వేరే రిపోర్ట్ కోసం. మా కస్టమ్ కోడ్ ఆ సెట్టింగ్ చూడకుండా, తేదీని ఎప్పుడూ రోజు ముందు పెట్టి ఎనిమిదంకెలుగా కట్టి స్క్రీన్‌కి ఇచ్చేది. 13 అనే నెల లేదు కాబట్టి 13 నుంచి ఎర్రర్. మరి 12లోపు? మే 7న కావాల్సిన సరుకు జూలై 5కి నమోదైంది, పచ్చగా, ఏ హెచ్చరికా లేకుండా. ఎర్రర్ వచ్చినవి అరగంటలో సరిచేశాం. ఎర్రర్ రానివి ఏరడానికి నాలుగు రోజులు పట్టింది, అదీ కస్టమర్లు "సరుకు ఏదండీ" అని ఫోన్లు చేస్తుండగా.

అప్పట్నుంచి నాకొక అలవాటు. ఎర్రర్ ఎప్పుడు మొదలైందో కనిపెట్టాక, దానికి ముందు పచ్చబడిన వాటిలో ఒక పదింటిని తెరిచి ఐడాక్ డేటానీ ఆర్డరునీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

పంపేవైపు 03 కూడా ఇలాంటి మోసగాడే. 03 పచ్చగా కనిపిస్తుంది, "పోర్ట్‌కి అప్పగించాం" అని దాని అర్థం, అవతలివాళ్ళకి చేరిందని కాదు. ఒకసారి ఇన్‌వాయిస్‌లన్నీ 03లో ఉన్నాయి, కస్టమర్ మాత్రం రెండు రోజులుగా ఒక్కటీ రాలేదంటున్నాడు. బయటికి పోలేక ఆగినవి కనిపించే ఎస్‌ఎం58 తెరిస్తే అక్కడ పేరుకుపోయి ఉన్నాయి. మిడిల్‌వేర్ యూజర్ పాస్‌వర్డ్ మార్చి, మన కనెక్షన్‌లో మార్చలేదు. ఆర్‌బీడీఎంఓఐఎన్‌డీ అనే ప్రోగ్రామ్‌ని జాబ్‌గా పెడితే నిజంగా దాటినవాటిని 12కి మారుస్తుంది. అప్పుడు 03లో మిగిలినవే మీరు చూడాల్సినవి. ఇంత తేలికైన జాబ్‌ని కూడా చాలాచోట్ల ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

రెండుసార్లు పడిన ఆర్డరు సంగతి

మీకు జరిగింది ఎలా జరిగి ఉంటుందో మూడు దారులు చెప్తాను, మీది ఏదో మీకే తెలుస్తుంది.

మొదటిది, డబ్ల్యూఈ19. ఇది టెస్ట్ టూల్. ఆగిన ఐడాక్‌ను తీసుకుని, తప్పు విలువను మార్చి, నడిపితే పోస్ట్ అవుతుంది. కానీ అది చేసేది ఆ ఐడాక్‌కి *నకలు* తీసి కొత్త నంబరుతో నడపడం. పాతది 51లోనే ఉంటుంది. మర్నాడు ఉదయం ఇంకొకరు వచ్చి బీడీ87లో మొత్తం కొమ్మ నడుపుతారు. అప్పటికి డేటా కూడా సరయి ఉంటుంది. పాతదీ పచ్చబడుతుంది. రెండో ఆర్డరు సిద్ధం. ప్రొడక్షన్‌లో (అసలు వ్యాపారం నడిచే సిస్టమ్‌లో) డబ్ల్యూఈ19 వాడకండి. క్వాలిటీ (పరీక్షల కోసం ఉండే) సిస్టమ్‌లో మాత్రం అది బంగారం. వచ్చిన ఐడాక్‌ను ఆర్డరుగా మార్చే ప్రోగ్రామ్‌ని (ఇన్‌బౌండ్ ఫంక్షన్ మాడ్యూల్) "ఎర్రర్ వచ్చాక ముందు తెర మీద" అనే ఎంపికతో నడిపితే, ఆర్డరు తెర మీద ఏ ఫీల్డ్ దగ్గర ఆగిందో కళ్ళారా చూడొచ్చు.

రెండోది, కస్టమర్‌నే మళ్ళీ పంపమనడం. వాళ్ళు మళ్ళీ పంపితే కొత్త ఐడాక్ నంబరు వస్తుంది. మన సిస్టమ్‌కి అది వేరే ఐడాక్. లోపల పీఓ నంబరు ఒకటే అయినా ఐడాక్ పొర దాన్ని పట్టించుకోదు. కొత్తది 53 అయింది, పాతది 51లో ఉండిపోయింది, తర్వాత కథ పైన చెప్పిందే.

మూడోది, 52. సగం పోస్ట్ అయిందని అర్థం. దాన్ని 51లాగే అనుకుని నడిపితే, అయిపోయిన సగం కూడా మళ్ళీ అవ్వవచ్చు.

"సేల్స్ డాక్యుమెంట్ టైప్‌లో పీఓ నంబరు చెక్ ఉందిగా సార్" అని మా జూనియర్ ఒకరు అడిగారు. ఉంది, వీఓవీ8లో. కానీ అది ఇచ్చేది హెచ్చరిక. తెర ముందు మనిషి కూర్చుని ఉంటే చదివి ఆగుతాడు. బ్యాక్‌గ్రౌండ్‌లో హెచ్చరికను చదివేవారు ఉండరు, ప్రోగ్రామ్ దాటుకుని పోతుంది. నిజంగా ఆపాలంటే ఇన్‌బౌండ్ యూజర్ ఎగ్జిట్‌లో (సొంత కోడ్ చేర్చుకోవడానికి ఎస్‌ఏపీ వదిలిన చోటులో) అదే కస్టమర్, అదే పీఓ నంబరుతో ఆర్డరు ఉంటే ఎర్రర్ ఇచ్చేలా నాలుగు లైన్లు రాయించాలి. ఒకే పీఓ నంబరు మీద నెలనెలా ఆర్డర్లు పంపే కస్టమర్లు కూడా ఉంటారు, కాబట్టి రాయించే ముందు సేల్స్ వాళ్ళతో మాట్లాడాలి. ఇది మరిచిపోయి మేము ఒకసారి మంచి ఆర్డర్లనే ఆపేశాం.

ఒక్కసారి నేను చేసిన పాపం కూడా చెప్తాను. ఆర్థిక సంవత్సరం ఆఖరు, మార్చి చివరి వారం. రాత్రి షిఫ్ట్‌లో ఒక్కణ్ణే ఉన్నాను. 200 పైన ఐడాక్‌లు ఆగాయి. కస్టమర్ వైపు వాళ్ళు ఫోన్ చేసి "మళ్ళీ పంపించాం, చూసుకోండి" అన్నారు. వచ్చాయి, పచ్చబడ్డాయి. డాష్‌బోర్డ్‌లో ఎరుపు కనిపించకూడదన్న తాపత్రయంలో నేను పాతవాటిని కూడా నడిపేశాను. తెల్లారేసరికి గోడౌన్‌లో పికింగ్ మొదలైంది. రెండో లోడు లారీ ఎక్కించే దగ్గర సూపర్‌వైజర్‌కి అనుమానం వచ్చి ఆపాడు కాబట్టి బతికాను.

అందుకే వాడకూడని ఐడాక్‌ని 51లో వదలొద్దు. 68కి మార్చండి. "ఎర్రర్, ఇక ప్రాసెస్ చేయవద్దు" అని దాని అర్థం. ఆర్‌సీ1_ఐడాక్_సెట్_స్టేటస్ అనే ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. దాన్ని నడిపే అనుమతి మీ దగ్గర లేకపోతే సీనియర్‌తో చేయించండి. ఎందుకు మార్చారో టికెట్‌లో ఒక వాక్యం రాయండి.

ఐడాక్‌లో విలువ మార్చడం గురించి

డబ్ల్యూఈ02లో సెగ్మెంట్‌ని ఎడిట్ చేసి సేవ్ చేయవచ్చు. చేస్తే అసలు ప్రతి 70 స్టేటస్‌తో వేరే నంబరు కింద భద్రంగా ఉంటుంది, మార్చినది 69 అవుతుంది. అంటే జాడ ఉంటుంది. అయినా నా పద్ధతి ఇదీ: పార్ట్‌నర్ నంబరులో సున్నా పోయిందా, యూనిట్ కోడ్ తప్పా, అత్యవసరమా, అయితే సేల్స్ వాళ్ళ మెయిల్ చేతిలో ఉంచుకుని మారుస్తాను. పరిమాణం, ధర, తేదీ మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోను. కస్టమర్ దగ్గర ఉన్న పీఓలో ఒకటి, మన ఆర్డరులో ఒకటి ఉంటే రేపు ఇన్‌వాయిస్ దగ్గర గొడవ వస్తుంది, ఆడిటర్ వస్తాడు, మార్చింది ఎవరని అడిగితే మీ యూజర్ ఐడీ కనిపిస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మూలం దగ్గర సరిచేయించండి.

ఐడాక్ కాకపోయినా ఇదే జబ్బు

మీరు ముందుముందు జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పని కూడా చూడాల్సి రావచ్చు, భారత్‌లో ఉన్న చాలామంది క్లయింట్లకు అది తప్పదు. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటినవాళ్ళ దాకా వచ్చింది. అక్కడ ఐడాక్ బదులు జేసన్ (డేటా పంపే ఇంకో ఫార్మాట్) వెళ్తుంది, కానీ తప్పులు పాత చుట్టాలే.

సున్నాల సంగతే చూడండి. ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కి పంపే ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, సున్నాతో మొదలుకాకూడదు. మన బిల్లింగ్ డాక్యుమెంట్ నంబరు సున్నాలతో నింపినది నేరుగా పంపితే తిరస్కరిస్తుంది. ఐడాక్‌లో సున్నా లేక చస్తాం, ఇక్కడ సున్నా ఉండి చస్తాం.

రాష్ట్ర కోడ్‌లూ అంతే. ఎస్‌ఏపీలో భారత్‌కి మొదటి నుంచీ వచ్చిన ప్రాంతాల జాబితాలో 01 అంటే ఆంధ్రప్రదేశ్. జీఎస్టీలో 01 అంటే జమ్మూ కశ్మీర్. ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 28 కొన్ని పాత మార్పిడి టేబుళ్ళలో ఇంకా పడి ఉంటుంది. మార్పిడి టేబుల్ లేకుండా పంపితే విజయవాడ గోడౌన్ జమ్మూలో తేలుతుంది. నయం, జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలతో పోల్చి చూస్తారు కాబట్టి అది పచ్చబడకుండా ఎర్రర్‌గానే వస్తుంది.

డూప్లికేట్ విషయంలో మాత్రం ఆ పోర్టల్ మనకంటే తెలివైనది. ఐఆర్‌ఎన్ అనే 64 అక్షరాల గుర్తింపు సరఫరాదారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబరు కలిపి లెక్కకట్టేది. అదే ఇన్‌వాయిస్ రెండోసారి పంపితే 2150 ఎర్రర్, అంటే డూప్లికేట్ ఐఆర్‌ఎన్ అంటుంది. చాలామంది దీన్ని చూసి కంగారుపడి ఇన్‌వాయిస్ క్యాన్సిల్ చేస్తారు. వద్దు. ఎక్కువసార్లు జరిగేది ఇది: మొదటిసారి పంపినప్పుడే నమోదైంది, జవాబు తిరిగి వచ్చే దారిలో పోయింది. ఉన్న ఐఆర్‌ఎన్‌ని తెచ్చుకుని మన సిస్టమ్‌లో నింపుకుంటే పని అయిపోతుంది.

రేపటి నుంచి చేయాల్సింది

పెద్ద ప్లాన్లు వద్దు. ఒక షీట్ తెరవండి. మెసేజ్ క్లాస్, నంబరు, అసలు కారణం, సరిచేయాల్సింది ఎవరు, మళ్ళీ నడపాలా 68 చేయాలా. ఐదే గడులు. కొత్త మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఒక వరుస. నేను మొదలుపెట్టిన షీట్ ఏడాది తర్వాత 60 వరుసలు దాటలేదు, రోజువారీ ఎర్రర్లు దాదాపు అన్నీ అందులోనే ఉండేవి.

మాస్టర్ డేటా వాళ్ళకి మెయిల్ రాసేటప్పుడు "ఐడాక్ ఫెయిల్ అయింది" అని రాయకండి, వాళ్ళకి అది సంబంధం లేని భాష. "ఫలానా కస్టమర్ కొత్త గోడౌన్ కోడ్ ఫలానా, దీనికి మన దగ్గర షిప్-టు నంబరు లేదు, దీనివల్ల 12 ఆర్డర్లు ఆగాయి, మొదటిదాని డెలివరీ తేదీ రేపు" అని రాయండి. ఆఖరి ముక్క చూసి కదులుతారు.

ఏబీఏపీ (ఎస్‌ఏపీ ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోవాలా అని కూడా అడిగారు. ప్రోగ్రామ్ రాసేంత అక్కర్లేదు. డీబగర్‌లో ఒక మెసేజ్ నంబరుకి బ్రేక్‌పాయింట్ పెట్టి, అది ఎక్కడ పుట్టిందో వెనక్కి నడిచి చూడగలిగితే చాలు. క్వాలిటీ సిస్టమ్‌లో డబ్ల్యూఈ19తో కలిపి రోజుకు ఒక గంట చేస్తే నెలలో వచ్చేస్తుంది. అమీర్‌పేటలో కోర్సులు చాలా ఉంటాయి, కానీ ఈ ముక్క మీ సొంత క్లయింట్ ఎర్రర్ల మీదే బాగా వస్తుంది.

రేపు పొద్దున బీడీ87లో 51 కింద ఎన్ని రకాల మెసేజ్‌లు ఉన్నాయో చూసి, వాటి క్లాస్, నంబర్లు, పడిన టైమ్‌లు రాయండి. కస్టమర్ పేర్లు, ధరలు తీసేసి పెట్టండి. ఏది లాక్ సమస్యో, ఏది డేటా సమస్యో విడదీసి చెప్తాను.